గులకరాళ్ల పాత్రయు డిమోయర్ రేఖయు

స్విట్జర్లాండు దేశమున బాసెల్ నగరమందు గణితాచార్యుడై యుండి 1705లో దివంగతుడైన జేకబ్ బెర్నూలీ, తాను ముగింపలేక విడిచిపోగా ఎనిమిదేండ్ల తరువాత 1713లో ప్రకటితమైన ‘ఆర్స్ కంజెక్టాండి’ యను లాటిను గ్రంథపు నాలుగవ భాగమున, ఒక పాత్రను పాఠకుల యెదుట నుంచెను. అందులో మూడువేల తెల్లని గులకరాళ్లును, రెండువేల నల్లని గులకరాళ్లును కలవు. కాని తీయువానికి ఆ సంగతి తెలియదు. లోనికి చేయి పోనిచ్చి ఒక రాయి తీసి, దాని వర్ణమును గుర్తించుకొని, మరల పాత్రలోనే వేసి, కలిపి, ఇంకొకటి తీయుచు, ఈ విధముగా ఎన్ని పర్యాయములు చేసినచో, తెల్లరాళ్లు నూటికి అరువది యను సత్యమును, అటు రెండు ఇటు రెండు మించని తేడాతో, వేయిపాళ్లు నమ్మకమునకు ఒక్కపాలు మాత్రమే శంక మిగులునట్లుగా మనము తెలిసికొనగలము? ఇరువదేండ్లు ఈ ప్రశ్నను మననము చేసిన పిదప ఆయన సాధించిన సమాధానము 25,550.

ఆనాటి బాసెల్ పట్టణమందలి జనులందరిని లెక్కించినను అంతమంది లేరు. పర్యాయములు పెరిగినకొలదియు చూచిన నిష్పత్తి సత్యమైన నిష్పత్తిని సమీపించునని బెర్నూలీ నిరూపించిన సిద్ధాంతము గణితచరిత్రలో శాశ్వతమైనది. అయినను ఎంత వేగముగా సమీపించునో చెప్పవలసివచ్చినపుడు ఆయన చేతనున్న సాధనములు మొరటువి. మచ్చు చూచి మొత్తమును తెలిసికొనుటకు ఇంత శ్రమ అవసరమైనచో, పంటను, రోగమును, ప్రజాభిప్రాయమును మచ్చులతో కొలువదలచు శాస్త్రమేదియు ఆచరణలోనికి వచ్చెడిది కాదు. ఆ సంఖ్యను ప్రకటించిన కొద్ది పంక్తులకే గ్రంథము నిలిచిపోయినది.

ఈ చిక్కు ఎచ్చటనున్నదో తెలియుటకు మన ఛందశ్శాస్త్రమే చక్కని ద్వారము. మూడక్షరముల గణములు ఎనిమిది యని తెలుగు చదివిన ప్రతివిద్యార్థికిని తెలియును. వానిలో మూడును గురువులైనది మగణ మొక్కటి. రెండు గురువులు గలవి య, ర, తగణములు మూడు. ఒక్క గురువు గలవి భ, జ, సగణములు మూడు. గురువే లేనిది నగణ మొక్కటి. ఒకటి, మూడు, మూడు, ఒకటి. పింగళుని ఛందస్సూత్రములకు పదవ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు ఈ లెక్కలనే మేరుప్రస్తారముగా అమర్చి చూపెను. ఎనిమిదక్షరముల పాదమునకు ప్రస్తారము వేసినచో 256 భేదములు కలుగును. అందు సరిగా నాలుగు గురువులు గలవి 70, గురువే లేనిది ఒక్కటి. గురులఘువులకు బదులు బొమ్మాబొరుసులను నిలిపితిమేని, నాణెమును ఎనిమిది మారులు ఎగురవేసినపుడు ఎన్ని బొమ్మలు పడునను ప్రశ్నకు ఇదియే సమాధానము. ఒకదానితో నొకటి సంబంధము లేని ప్రయత్నములు కొన్ని చేసినపుడు అనుకూలఫలములు ఇన్నియని చెప్పు ఈ సంభావ్యతల పంపకమునకు సాంఖ్యకశాస్త్రమున ద్విపద విభాజనమని పేరు. మేరువు నడుమ ఎత్తై, అంచులకు పోనుపోను పలుచబడుట మనకు కనబడుచున్నది. ఎనిమిదక్షరములకు ఇది చేతిపని. మూడువేల ఆరువందల ప్రయత్నములకో? వేయికి పైబడిన అంకెలు గల సంఖ్యలను గుణించి, భాగించి, వందలకొలది పదములను కూడవలెను. గణనయంత్రములు లేని పదునెనిమిదవ శతాబ్దమున అది మానవమాత్రునికి శక్యమైన పని కాదు.

దారి చూపినవాడు అబ్రహాం డిమోయర్. సంకీర్ణ సంఖ్యల పాఠమున మన ఇంటర్మీడియట్ విద్యార్థులు వల్లెవేయు డిమోయర్ సిద్ధాంతము ఈయనదే. 1667లో ఫ్రాన్సుదేశమున వీట్రీ పట్టణమందు ప్రొటెస్టెంటు కుటుంబమున జన్మించి, 1685లో ఆ దేశపు రాజు ప్రొటెస్టెంట్లకు పూర్వమొసగిన మతస్వాతంత్ర్యమును రద్దుచేయగా లండను చేరి, న్యూటనుకు మిత్రుడై, 1697లో రాయల్ సొసైటీ సభ్యుడై యుండియు, జీవితాంతము విశ్వవిద్యాలయమున ఉద్యోగము దొరకక, ఇండ్లకు పోయి పిల్లలకు లెక్కలు చెప్పియు, జూదరులకు, బీమా వ్యాపారులకు సంభావ్యతల సలహాలిచ్చియు పొట్ట పోసికొనిన పండితుడాయన. 1733 నవంబరు 12వ తేదీ వేసి, మిత్రులకు మాత్రము పంచిన ఏడుపుటల లాటిను పత్రమున, మేరువునందలి అంకెలను ఒక్కొక్కటిగా లెక్కింపనక్కరలేకుండ, ఆ పదముల శిఖరములను కలుపుచు పోవు వక్రరేఖ యొకటి కలదని ఆయన చూపెను. నడుమ నుండి ఎంత దూరము పోయితిమో ఆ దూరపు వర్గమును బట్టి రేఖ యెత్తు ఘాతీయముగా తగ్గును. నడిమి పదపు పరిమాణమును నిర్ణయించు స్థిరాంకము తొలుత ఆయనకు ఉజ్జాయింపుగానే తెలిసినది. అది వృత్తపరిధికి సంబంధించిన వర్గమూలమని స్కాట్లండు వాడైన జేమ్స్ స్టిర్లింగ్ గుర్తించెను. నాణెపు ఎగురవేతలోనికి వృత్తమేల వచ్చినదని ఆశ్చర్యపడనివాడు గణితమును ఇంకను రుచిచూడలేదని నేనందును. నేడు మనము సామాన్య విభాజనమని పిలుచు గంట ఆకారపు రేఖ లోకమున మొదట అవతరించినది ఈ పత్రమునందే.

ఈ రేఖను వాడుకొను పద్ధతి సరళమైనది. మొత్తమున అనుకూలుర నిష్పత్తిని తీసికొని, దానిని ప్రతికూలుర నిష్పత్తితో గుణించి, వచ్చిన లబ్ధమును మచ్చు సంఖ్యచే భాగించి, దాని వర్గమూలమును తీయవలెను. అదియే మచ్చునందు కనబడు నిష్పత్తికి ప్రామాణిక విచలనము, అనగా చెదరుపాటు కొలత. కనబడిన నిష్పత్తి నిజమైన నిష్పత్తికి ఒక కొలత దూరములోపల నూటికి సుమారు 68 పర్యాయములు, రెండు కొలతల లోపల 95 పర్యాయములు నిలుచును. మూడు కొలతలు దాటుట వేయింటికి మూడింటికి మించదు. డిమోయర్ స్వయముగా తీసికొనిన ఉదాహరణమున ప్రయత్నములు 3600, సమసంభావ్యత గల ఫలములు రెండు. బొమ్మలు 1800 చుట్టును పడవలెను. చెదరుపాటు కొలత 30. కావున 1770కి తక్కువగాక, 1830కి ఎక్కువగాక పడు సంభావ్యత 0.682688 అని ఆయన లెక్కించెను.

ఇక బెర్నూలీ పాత్రకు మరలుదము. నూటికి రెండు తేడాను, వేయింటికొక పాలు శంకను అట్లే యుంచి డిమోయర్ రేఖతో కొలిచినచో, కావలసిన పర్యాయములు సుమారు 6,500. బెర్నూలీ చెప్పినదానిలో నాలుగవవంతు చాలును.

ఈ పద్ధతికి ప్రాణము వర్గమూలమే. తప్పును సగము చేయదలచినవాడు మచ్చును రెట్టింపు చేసిన చాలదు, నాలుగింతలు చేయవలెను. పదవవంతు చేయదలచినచో నూరింతలు. ప్రజలలో సగమునకు దాపుగానున్న అభిప్రాయమును వేయిమంది నడిగి తెలిసికొన్నచో, రెండు కొలతల తేడా నూటికి ఇంచుమించు మూడు. నాలుగువేల మంది నడిగినచో ఒకటిన్నర. ఇంతకన్న వింతయైన విషయ మింకొకటి కలదు. ఈ సూత్రమునందు మచ్చు సంఖ్య కలదు గాని, మొత్తము జనసంఖ్య ఎక్కడను లేదు. వేయిమంది మచ్చు పదిలక్షల జనము గల జిల్లాకు ఎంత గురి చూపునో, నూటనలువదికోట్ల దేశమునకును అంతే గురి చూపును. చదువుకొనినవారును దీనిని అంగీకరించుటకు జంకుదురు. అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూచు ఇల్లాలు, పొయ్యిమీదిది ఇంటివారి కుండయా, పెండ్లివారి గుండిగయా యని చూచి మెతుకుల సంఖ్యను పెంచదు. బాగుగా కలిపినదా లేదా యని మాత్రము చూచును. మచ్చు మొత్తములో అల్పభాగమై యున్నంతవరకు గణితము చెప్పునదియు ఇదియే.

రేఖ చెప్పినట్లు ప్రకృతి నిజముగా నడచునా? 1940లో జర్మను సేనలు డెన్మార్కును ఆక్రమించినపుడు కోపెన్‌హాగెన్‌లో చిక్కుకొని, జట్లండు ప్రాంతమందలి హాల్డ్ నిర్బంధశిబిరమున యుద్ధకాలము గడపిన జాన్ కెరిచ్ అను గణితజ్ఞుడు, అచ్చట కాలక్షేపమునకు ఒక నాణెమును పదివేల మారులు ఎగురవేసి ఫలితములను వ్రాసియుంచెను. బొమ్మలు 5,067 పడినవి. పదివేలకు చెదరుపాటు కొలత 50 కనుక 67 తేడా రెండు కొలతల లోపలిదే. నాణెముపై దోషారోపణ చేయుటకు ఆధారము లేదు.

పాచికల కథ వేరు. ఇంగ్లండులో జీవశాస్త్రవేత్త వెల్డన్ పండ్రెండు పాచికలను ఒక్కసారిగా వేయుచు, 26,306 పర్యాయములు వేసిన లెక్కలను 1894లో సాంఖ్యకుడు గాల్టన్‌కు పంపెను. వేసిన పాచికలు మొత్తము 3,15,672. ఐదుగాని ఆరుగాని పడుటను అనుకూలఫలముగా నెంచినచో, మూడింట ఒకవంతు చొప్పున 1,05,224 పడవలసియుండగా 1,06,602 పడినవి. నిష్పత్తిని చూచినచో 0.3333కు బదులు 0.3377, వేయింటికి నాలుగున్నర కూడ లేని ఈ వ్యత్యాసమును కన్ను లక్ష్యపెట్టదు. డిమోయర్ కొలత లక్ష్యపెట్టును. అన్ని పాచికలకు చెదరుపాటు 265; పెరిగినవి 1,378; అనగా ఐదు కొలతలకు పైమాట. నిర్దోషములైన పాచికలకు ఇంత తేడా వచ్చుట ఏబదిలక్షలకు ఒక్కపాలు. చుక్కలకై గుంటలు తొలిచిన పాచికలో ఆరు చుక్కల ముఖము తేలికయై పైకి వచ్చుటకు మొగ్గునని దీనికి సాధారణముగా చెప్పు కారణము. ఈ లెక్కలనే 1900లో సాంఖ్యకుడు కార్ల్ పియర్సన్ తన సుప్రసిద్ధమైన పరీక్షకు ఉదాహరణముగా గ్రహించెను.

మానవజన్మల విషయమున ఇట్టి లెక్కను అంతకు పూర్వమే ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ చేసియుండెను. 1745 నుండి 1770 వరకు పారిస్ నగరమున పుట్టిన మగశిశువులు 2,51,527, ఆడశిశువులు 2,41,945. సగమునకును దీనికిని గల దూరము పదమూడున్నర కొలతలు దాటినది. మగశిశువు పుట్టు సంభావ్యత సగమునకు మించినదనుట, చరిత్రలోని ఏ సంఘటనకును తీసిపోని నిశ్చయత గల విషయమని ఆయన భావించెను.

ఈ లెక్క మన నేలపై ఎంత పదునైనదో గమనింపుడు. ప్రకృతిసిద్ధముగా నూటికి 51 మంది కొంచెము మీరి మగశిశువులు పుట్టుదురు. ఒక గ్రామమున ఏడాదికి నూరు కాన్పులు జరిగి, అందు 58 మంది మగశిశువులైనారనుకొందము. చెదరుపాటు కొలత నూటికి ఐదు కనుక, ఏడు తేడా ఒకటిన్నర కొలతలైనను లేదు. అట్టి గ్రామమును వ్రేలెత్తి చూపి, ఆడపిండములను గర్భమునందే చంపుచున్నారని నింద మోపుట అన్యాయము. కాని పదివేల కాన్పులు జరిగిన తాలూకాలో అదే నిష్పత్తి కనబడినదా, చెదరుపాటు నూటికి అర మాత్రమే. తేడా పదమూడు కొలతలు దాటును. అది యాదృచ్ఛికమని వాదించుటకు ఎవ్వరికిని హక్కులేదు. శాతము ఒక్కటే, ఒకచోట నిర్దోషము, ఇంకొకచోట ఘోరనేరమునకు సాక్ష్యము. ఏటేట పత్రికలలో గ్రామముల వారీగా లింగనిష్పత్తులు చూచి ఆవేశపడువారు, వానిని చూచి నిద్రపోవువారు, ఇరువురును ఈ భేదమును గ్రహింపవలసియున్నది.

అయినను ఈ రేఖ ఉజ్జాయింపే. ద్విపద విభాజనము మెట్లవలె పోవును, రేఖ నున్నగా పోవును. అందుచే చిన్నమచ్చులకు రేఖను వాడునపుడు మెట్టులో సగమును కలుపుకొనవలెను. ఇరువది మారులు నాణెమెగురవేసి, ఎనిమిది మొదలు పండ్రెండు వరకు బొమ్మలు పడు సంభావ్యతను మేరువుతో సరిగా లెక్కించినచో 0.737. ఎనిమిది, పండ్రెండు అను సంఖ్యల వద్దనే రేఖను కోసినచో 0.629 మాత్రమే వచ్చును; ఏడున్నర మొదలు పండ్రెండున్నర వరకు తీసికొన్నచో 0.736. ఆ అరయే ఇంత దిద్దుబాటు చేయుచున్నది. పాఠ్యపుస్తకములు కారణము చెప్పక ఈ అరను కలుపుమని ఆజ్ఞాపించుట నాకు నచ్చదు.

అరుదైన విషయములయందు దిద్దుబాటును చాలదు. నూటికి ఇద్దరికి మాత్రమే సోకు వ్యాధిని ఏబదిమంది మచ్చులో వెదకినచో, ఒక్కరికైనను లేకుండు సంభావ్యత వాస్తవముగా 0.364, రేఖ సగము దిద్దుబాటుతో చూచినను, సున్నకు దిగువనున్న అసంభవపు సంఖ్యలకు నూటికి ఆరుపాళ్లకు పైగా పంచిపెట్టి, పొరపడును. కనుక మచ్చునందు అనుకూలురును, ప్రతికూలురును కనీసము పదేసిమంది యుండవలెనను నియమమును సాంఖ్యకులు పాటింతురు. ఇంకొక ప్రమాదము సున్న. క్రొత్త మందు నొకదానిని మూడువందల మందికి ఇచ్చి, ఎవ్వరికిని హాని కలుగలేదనుకొందము. కనబడిన నిష్పత్తిని సూత్రమున పెట్టినచో చెదరుపాటును సున్నయే వచ్చి, మందు సంపూర్ణముగా నిరపాయకరమని చెప్పినట్లగును. అది భ్రమ. అట్టియెడ మూడును మచ్చు సంఖ్యచే భాగింపవలెను: హాని నూటికి ఒక్కరివరకు ఉండవచ్చునను శంక ఇంకను తీరలేదు. కనబడిన నిష్పత్తికి బదులు, ఉండదగిన ప్రతి నిష్పత్తికిని దాని స్వంత చెదరుపాటుతో పరీక్ష జరుపు మేలైన మార్గమును 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ విల్సన్ చూపెను. అది చిన్నమచ్చులయందును చాలవరకు నిలుచును.

రేఖకు అందని తప్పు ఒకటి కలదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు ‘లిటరరీ డైజెస్టు’ అను వారపత్రిక దాదాపు కోటిమందికి పత్రములు పంపగా, సుమారు 24 లక్షలు తిరిగివచ్చినవి. అభ్యర్థులైన రూజ్వెల్టు, లాండన్ ఇరువురికి వచ్చిన వానిలో నూటికి 57 లాండన్‌వి. డిమోయర్ కొలతను బట్టి ఇంత పెద్ద మచ్చులో తప్పు నూటికి పదవవంతైనను ఉండరాదు. ఎన్నికలో రూజ్వెల్టుకు నూటికి అరువదికి పైగా ఓట్లు పడినవి. లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రములు. టెలిఫోను పుస్తకములనుండియు, మోటారుకార్ల యజమానుల జాబితాలనుండియు చిరునామాలు సేకరించుటచేతను, తిరిగి వ్రాసినవారు వ్రాయనివారికన్న భిన్నులగుటచేతను, పాత్ర కలుపకయే రాళ్లు తీసినట్లైనది. మచ్చును పదిరెట్లు పెంచినను ఈ తప్పు తరుగదు. తప్పుడు సమాధానముపై నమ్మకము మాత్రము పెరుగును.

మన దేశమున రేఖకు అందు తప్పునకును, అందని తప్పునకును గల భేదమును లోతుగా గ్రహించినవారు 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్. బెంగాలు జనపపంట అంచనాలలో ఆయన పొలములను యాదృచ్ఛికముగా ఎన్నుకొనుటయేకాక, ఒకే ప్రాంతమునందు ఒకదానికొకటి సంబంధము లేని మచ్చులను వేర్వేరు బృందములకు అప్పగించి, వారి లెక్కల భేదమునుబట్టి లెక్కించువారి తప్పును సైతము కొలిచెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించి 1941లో ఆ సంస్థలో చేరిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, అంచనాలకు గల తప్పు ఎంతకన్న తగ్గుట అసాధ్యమో 1945లో నిరూపించి లోకప్రసిద్ధుడయ్యెను.

ఈ అధ్యాయమును చదివిన ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటి. నలుబదిమంది విద్యార్థులున్న తరగతిలో ఒక్కొక్కరిచేత నాణెమును నూరేసి మారులు ఎగురవేయించి, పడిన బొమ్మల సంఖ్యను నల్లబల్లపై వ్రాయింపుడు. 45 మొదలు 55 వరకు వచ్చినవారు ఇరువదితొమ్మిదిమందికి అటునిటుగా నుందురు. 40కి తక్కువగాగాని 60కి ఎక్కువగాగాని వచ్చినవారు సాధారణముగా ఒకరిద్దరికన్న మించరు. సూత్రమును ఆ తరువాతనే చెప్పుడు.